బవేరియా బూజు విషం చేస్తుందట, మరి పిచికారీ చేసే మన సంగతేంటి?

#1 నిమ్మచెట్టు

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా షేడ్‌నెట్‌లో తెల్లదోమకూ తామర పురుగులకూ బవేరియా బాసియానా అనే, పురుగులను చంపే బూజు మందు కొడుతున్నాను. పనితనం గురించి నాకు ఫిర్యాదు లేదు. నిదానంగా పనిచేస్తుంది, కానీ చేస్తుంది.

మొన్న రాత్రి ఇంకేదో వెతుకుతుంటే బవేరిసిన్ అనే మాట తగిలింది. ఈ బూజు చేసే విషం, పేరు కూడా దీన్నుంచే వచ్చింది. సరే అని ఇంకాస్త తవ్వితే, ఫ్యుసేరియం బూజు పట్టిన మొక్కజొన్న, గోధుమ గింజల్లో దొరికే శిలీంధ్ర విషాల జాబితాలోనూ అదే పేరు ఉంది. గింజల్లో కనబడితే కలుషితం అంటున్నారు. అదే విషం చేసే బూజును ప్యాకెట్లో పోసి "మనుషులకు, పశువులకు సురక్షితం" అని రాస్తున్నారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? తెలిసినవాళ్లు చెప్పండి. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది, మొక్కల మధ్యే తిరుగుతుంది.

#2 ఆకుముడత

అమ్మా, లేనిపోని భయం పెట్టుకోకండి. ఇది మట్టిలో పుట్టే బూజు. మనకంటే ముందు నుంచీ ఉంది. రసాయన మందులు కొట్టి కళ్లు మండి, తల తిరిగి గట్టు మీద కూలబడ్డ రోజులు నాకు గుర్తే. దీంతో అట్లాంటివేమీ లేవు. పురుగుకు జబ్బు చేసేది మనిషికి చెయ్యదు. హాయిగా కొట్టుకోండి.

#3 సూక్ష్మదర్శిని

ఆకుముడత గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ "మట్టిలో పుట్టింది" అనేది భరోసా కాదు. అఫ్లటాక్సిన్ అనే గట్టి విషం చేసే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ బూజు కూడా మట్టిలోదే. అదీ పురుగులకు జబ్బు తెస్తుంది, ఆ మాటకొస్తే.

నిమ్మచెట్టు గారు అడిగింది సబబైన ప్రశ్న. నా పని ప్రయోగశాలలో ఈ బూజులతోనే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఈ బూజుల కథ పట్టుపురుగులతో మొదలైంది. ఇటలీలో పట్టుపురుగులు సున్నం చల్లినట్టు తెల్లబడి చచ్చిపోతుంటే, దానికి కారణం కంటికి కనబడని ఒక జీవి అని 1835లో అగోస్తినో బాస్సి తేల్చాడు. ఒక సూక్ష్మజీవి జంతువుకు జబ్బు చేస్తుందని చూపించినవాళ్లలో ఆయనే మొదటివాడు, లూయీ పాశ్చర్‌కు చాలా ముందు. బాసియానా అనే పేరు ఆయనదే. పురుగులకు పట్టే ఇంకో బూజు మెటారైజియం సంగతికొస్తే, గోధుమకు పట్టే పెంకుపురుగుల మీద 1879లో మెచ్నికాఫ్ దాన్ని వర్ణించాడు. తర్వాత రోగనిరోధక శక్తి మీద పనికి నోబెల్ అందుకున్న ఆ మెచ్నికాఫే.

పని చేసే తీరు ఇదీ. స్పోరు, అంటే బూజు విత్తనం లాంటి కణం, పురుగు ఒంటి మీద అంటుకుంటుంది. తేమ ఉంటే ఒక రోజులో మొలకెత్తుతుంది. పురుగు పైపొరలోని ప్రొటీన్‌నూ కైటిన్ అనే గట్టి పదార్థాన్నీ కరిగించే ఎంజైములు వదులుతూ, ఒత్తిడితో పైపొరను పొడుచుకుని లోపలికి దిగుతుంది. నోట్లోకి వెళ్లాల్సిన పని లేదు. రసం పీల్చే పురుగుల మీద ఇవి పనికొచ్చేది అందుకే. లోపల పురుగు రక్తంలో ఈస్ట్ లాంటి చిన్న ముక్కలుగా పెరుగుతుంది. పురుగు రక్షణ కణాలు ఊరుకోవు, చుట్టుముడతాయి. అప్పుడు వాటిని అణచడానికి విషాలు పనికొస్తాయి.

బవేరియా చేసేవి బవేరిసిన్, బాసియానోలైడ్, ఓస్పొరీన్, టెనెల్లిన్ వగైరా. మెటారైజియం చేసేవి ముఖ్యంగా డెస్ట్రక్సిన్లు. వాటిని మొదట వేరు చేసింది 1961లో. ఇప్పటికి ఆ కుటుంబంలో పదుల కొద్దీ రకాలు తెలుసు. గొంగళి పురుగు ఒంట్లోకి సూదితో ఎక్కిస్తే కండరాలు బిగుసుకుపోయి, తర్వాత చచ్చుబడిపోతుంది.

కాబట్టి మొదటి సమాధానం: అవును, ఇవి విషాలు చేస్తాయి. చెయ్యవు అనేవాళ్ల మాట నమ్మకండి. అసలు ప్రశ్న అది కాదు.

#4 ఆకుముడత

మరి అసలు ప్రశ్న ఏంటి మేడమ్? విషం చేస్తాయంటారు, మళ్లీ కొట్టుకోమంటారు. మాలాంటివాళ్లం దేన్ని నమ్మాలి?

#5 మోతాదు

నేను చెప్తాను. విషశాస్త్రం నా వృత్తి, పేరు చూస్తే తెలుస్తుంది.

ఎంత చేస్తుంది, ఎక్కడ చేస్తుంది, అక్కడి నుంచి మీ నోటి దాకా ఎంత వస్తుంది. ఈ మూడూ తెలియకుండా "విషం ఉంది" అనడం, "విషం లేదు" అనడం రెండూ ఒకటే.

ఎక్కడ చేస్తుంది: ఎక్కువ భాగం పురుగు లోపల, బూజు చురుగ్గా పెరుగుతున్నప్పుడు. ఆకు మీద పడిన స్పోరు నిద్రలో ఉన్న విత్తనం లాంటిది, కూర్చుని విషం వండదు. పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాలకు కొన్ని గంటల్లోనే చాలా స్పోర్లు చచ్చిపోతాయి. పని చెయ్యడం లేదని రైతులు తిట్టుకునే లక్షణం ఇదే. భద్రత వైపు నుంచి చూస్తే మంచిదే.

ఎంత చేస్తుంది: ఒక తెల్లదోమ బరువెంత? దాని శవంలో ఎంత విషం పట్టాలి? పెద్ద గొంగళి పురుగైనా లెక్క మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది. పైగా డెస్ట్రక్సిన్లు పురుగు చచ్చే సమయానికి ఎక్కువగా కనబడి, ఆ తర్వాత శవంలోనే తగ్గిపోతాయని కొలిచి చూశారు. బూజు పట్టిన శవాలు మట్టిలో విషపు గుళికల్లా ఏళ్లకేళ్లు ఉండిపోవు.

గింజల్లో బవేరిసిన్ సంగతి వేరు. అక్కడ ఫ్యుసేరియం మనం తినే గింజలోనే పెరుగుతుంది. పొలంలోనూ గోదాములోనూ నెలల తరబడి. తినేది ఆ గింజనే. అందుకే అది ఆహార భద్రత ప్రశ్న అయింది. యూరప్ ఆహార భద్రత సంస్థ 2014లో దాన్ని పరిశీలించి, ఒకసారి తిన్నంత మాత్రాన ఆందోళన లేదంది. దీర్ఘకాలం తింటే ఏమవుతుందో తేల్చడానికి వివరాలు చాలవని కూడా రాసింది. నిమ్మచెట్టు గారూ, మీరు చూసిన రెండు వాక్యాలూ ఇందుకే కొట్టుకోవు. పదార్థం ఒకటే, దారి వేరు.

#6 నిమ్మచెట్టు

మోతాదు గారూ, ఇది కొంచెం తలకెక్కింది. ధన్యవాదాలు. మరి ఆ విషం లేకపోతే పురుగు చావదా? విషం చెయ్యని రకమే అమ్మితే పీడా వదిలిపోతుంది కదా?

#7 సూక్ష్మదర్శిని

భలే ప్రశ్న. ఇదే ప్రశ్న పరిశోధకులూ వేసుకున్నారు. డెస్ట్రక్సిన్ తయారుచేసే జన్యువును మెటారైజియం రాబర్ట్‌సీ నుంచి తీసేసి చూశారు, 2012లో. బూజు ఇంకా పురుగులను చంపింది. కొన్ని పురుగుల మీద తేడా దాదాపు కనబడలేదు, కొన్నింటి మీద బలం కాస్త తగ్గింది. బవేరియాలో బవేరిసిన్ జన్యువు తీసేసినా అంతే, బలం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. బాసియానోలైడ్ మాత్రం కొంచెం గట్టి ఆయుధమే అని తేలింది.

ఇంకా తమాషా ఏమిటంటే, మిడతల కోసం వాడే మెటారైజియం అక్రిడమ్‌లో డెస్ట్రక్సిన్ జన్యువుల గుంపే లేదు. ఆఫ్రికాలో మిడతల దండుల మీద లుబిలోసా అనే కార్యక్రమం 1989లో మొదలై ఆ బూజునే మందుగా తయారు చేసింది. ఒకే రకం పురుగుకు అలవాటుపడ్డ బూజుకు ఇన్ని ఆయుధాలు అక్కర్లేదు. కనబడిన ప్రతి పురుగునూ పట్టేవాటికే అమ్ములపొది నిండుగా ఉంటుంది.

కొన్నింటి పని చంపడం కూడా కాదు. బవేరియాతో చచ్చిన పురుగు కొన్నిసార్లు ఎర్రగా మారుతుంది, చూసే ఉంటారు. ఆ ఎరుపు ఓస్పొరీన్. పురుగు చచ్చాక శవం మీదికి వచ్చే బ్యాక్టీరియాను తరిమి, భోజనం తనకే దక్కించుకోవడానికి బూజు దాన్ని వాడుతుందని 2017లో చూపించారు. టెనెల్లిన్ అనే పసుపు రంగు పదార్థం ఇనుమును పట్టుకుంటుంది. మనం విషం అని పేరు పెట్టిన వాటిలో చాలావరకు వాటి ఇంటి సామాను.

#8 తేనెపట్టు

మధ్యలో వస్తున్నా, క్షమించాలి. మా తేనెటీగల మాటేమిటి? పురుగుల్ని చంపే బూజు అంటే ఈగలు కూడా పురుగులే కదా. పక్కవాళ్లు పూత మీద కొడితే నాకు నిద్ర పట్టదు.

#9 సూక్ష్మదర్శిని

మీ భయంలో పస ఉంది. ప్రయోగశాలలో నేరుగా పోస్తే కొన్ని బవేరియా స్ట్రెయిన్లు (ఒకే జాతిలోని ఉపరకాలు) తేనెటీగలను చంపుతాయి. తుట్టె లోపల మాత్రం పిల్లల దగ్గర వేడి 34, 35 డిగ్రీలు ఉంటుంది. ఈ బూజుల్లో ఎక్కువ వాటికి హాయిగా ఉండేది 25 నుంచి 30 మధ్య. ఆ వేడే మీ ఈగలకు గోడ. విచిత్రంగా, ఈగలకు పట్టే వరోవా నల్లులను చంపడానికి ఆ వేడిని తట్టుకునే మెటారైజియంను తయారుచేసే ప్రయత్నం కూడా జరిగింది, 2021లో ఫలితాలు వచ్చాయి. పక్కవాళ్లకు మాత్రం ఈగలు తిరగని సాయంత్రం వేళ కొట్టమని చెప్పండి. స్పోరుకు కూడా రాత్రి తేమే మంచిది, ఇద్దరికీ లాభం.

పట్టుపురుగులు పెంచేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు వేరే మాట: మీ షెడ్ల చుట్టుపక్కల బవేరియా అస్సలు వద్దు. బాస్సి కాలం నుంచీ అది మీ శత్రువు.

#10 ఆకుముడత

చచ్చిన పురుగుల్ని పిట్టలు తింటాయి కదా. వాటి సంగతి?

#11 మోతాదు

చూశారు. మెటారైజియం పట్టిన మిడతలను నెమలి కుటుంబానికి చెందిన ఫెజెంట్ పక్షులకు తినిపించి, లోపలి అవయవాలు కూడా పరీక్షించారు. చెప్పుకోదగ్గ హాని కనబడలేదు.

ఓస్పొరీన్ విషయంలో ఒక చిక్కు ఉంది. శుద్ధి చేసిన ఓస్పొరీన్‌ను కోడిపిల్లలకు మేతలో పెడితే మూత్రపిండాలు దెబ్బతిని గౌట్ (ఒంట్లో యూరిక్ ఆమ్లం పేరుకునే జబ్బు) వచ్చింది. ఆ ఓస్పొరీన్ వచ్చింది కీటోమియం అనే వేరే బూజు నుంచి, ఇచ్చిన మోతాదు కూడా చాలా పెద్దది. కానీ పదార్థం అదే కాబట్టి, చెప్పకుండా దాచడం నాకు నచ్చదు.

#12 నిమ్మచెట్టు

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదటి పోస్టులో రాయలేదు. పోయిన నెల పొడి ప్యాకెట్ చింపి ట్యాంకులో పోస్తుంటే ఫ్యాను గాలికి పొడి మొత్తం మొహం మీదికి లేచింది. రెండు రోజులు పొడి దగ్గు, కళ్లు ఎర్రబడ్డాయి. ఈ బవేరిసిన్ గురించి వెతకడానికి అసలు కారణం అదే. అది ఆ విషం వల్లనే అంటారా?

#13 మోతాదు

ఇది మొదటే చెప్పాల్సింది అమ్మా.

ఆ దగ్గు బవేరిసిన్ వల్ల కాదని దాదాపు ఖాయంగా చెప్పగలను. ప్యాకెట్ పొడిలో ఉన్నది స్పోర్లూ, వాటిని మోసే టాల్క్ లాంటి పొడీ. బవేరియా స్పోరు గుండ్రంగా 2, 3 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 5 మైక్రాన్లలోపు కణాలు ఊపిరితిత్తుల లోతుకు దిగగలవు. గ్రాముకు 10 కోట్ల స్పోర్లు ఉన్న పొడి మీ మొహం మీదికి లేస్తే మీరు పీల్చినవెన్నో లెక్కేసుకోండి. బవేరియా, మెటారైజియం రెండింటి ప్రొటీన్లూ అలర్జీ కలిగిస్తాయి. కొన్ని మామూలు బూజుల ప్రొటీన్లను పోలి ఉంటాయి కూడా, కాబట్టి ఆస్పర్‌జిల్లస్, ఆల్టర్నేరియా పడనివాళ్లకు ఇవీ పడకపోవచ్చు.

ఈ బూజు మందుల విషయంలో మనిషికి నిజంగా జరిగిన హాని అంతా దాదాపు ఈ రెండు దారుల్లోనే. పీల్చిన దుమ్ము, కంట్లో పడిన స్పోర్లు. బవేరియా, మెటారైజియం రెండూ కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు పట్టిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. అరుదు, కానీ ఉన్నాయి. ఎక్కువగా కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లకో, కంటికి గాయం ఉన్నవాళ్లకో, స్టెరాయిడ్ చుక్కలు వేసుకునేవాళ్లకో. లుకేమియా (రక్త క్యాన్సర్) చికిత్సలో రోగనిరోధక శక్తి అడుగంటినవాళ్లకు ఒళ్లంతా పాకిన కేసులు కూడా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. ఆరోగ్యవంతులకు 37 డిగ్రీల ఒంటి వేడే పెద్ద కాపలా, ఈ బూజుల్లో చాలావాటికి ఆ వేడి సరిపడదు.

ఎన్95 మాస్కు, పక్కలు మూసిన కళ్లద్దాలు. పొడిని ఒక చిన్న గిన్నెలో నీళ్లతో ముద్దలా కలిపి, అప్పుడు ట్యాంకులో పొయ్యండి. ఫ్యాను ఆపండి! పాప ఆ గంటసేపు లోపలికి రాకూడదు. ఎరుపు తగ్గకపోయినా చూపు మసకబారినా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి, బూజు మందు కంట్లో పడిందని చెప్పండి. చెప్పకపోతే వాళ్లు స్టెరాయిడ్ చుక్కలు రాస్తారేమో, అది మరీ ముప్పు.

#14 నిమ్మచెట్టు

ఎరుపు వారంలోనే పోయింది, చూపు బాగానే ఉంది. అయినా చూపించుకుంటాను. పదిహేనేళ్లుగా మందులు కొడుతున్నాను, బూజు మందంటే పిండి పిసికినట్టు పిసికాను. ఎవరూ చెప్పలేదు.

#15 ఆకుముడత

నాదీ తప్పే. "హాయిగా కొట్టుకోండి" అన్నది నేనే. నేను నూనెలో కలిపి ఉన్న సీసా రకం వాడతాను, దుమ్ము లేవదు. పొడి సంగతి నాకు తట్టలేదు.

#16 బూజుబాబాయ్

ఆలస్యంగా వచ్చాను, కానీ అన్నీ చదివాను. నేను మెటారైజియంను సొంతంగా పెంచుతాను. గింజలు ఉడకబెట్టి, సంచుల్లో నింపి, పాత సంచిలోంచి చెంచాడు కొత్తదానిలో వేస్తే రెండు వారాల్లో ముదురు పచ్చగా పట్టేస్తుంది. నలుగురైదుగురికి పంచుతాను కూడా. కొన్న ప్యాకెట్లలో సగం చచ్చిన స్పోర్లే ఉంటాయి, నాది తాజా. మీరు చెప్పే విషాల సంగతి నా సరుకుకూ వర్తిస్తుందా, లేక ఇంటి సరుకు కాబట్టి నయమా?

#17 సూక్ష్మదర్శిని

బాబాయ్ గారూ, కోప్పడకండి గానీ ఈ చర్చ మొత్తంలో నాకు నిజంగా గుండె దడ పుట్టించింది మీ పోస్టే.

డెస్ట్రక్సిన్ గురించి కాదు. ముదురు పచ్చగా పట్టిందన్నారు. మెటారైజియం పచ్చగా ఉంటుంది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ కూడా పచ్చగానే, కాస్త పసుపు కలిసిన పచ్చగా ఉంటుంది. ట్రైకోడెర్మా పచ్చనే. పెనిసిలియం నీలం కలిసిన పచ్చ. ఉడికించిన గింజ ఈ నలుగురికీ పండగే, అందులో ఆస్పర్‌జిల్లస్ అందరికంటే వేగంగా పరుగెత్తుతుంది. సంచిలోంచి సంచికి, మళ్లీ దాన్లోంచి ఇంకో సంచికి మార్చుకుంటూ పోతే ఏదో ఒక తరంలో పరాయిది దూరుతుంది. దూరాక ప్రతి సంచిలోనూ దాన్ని మీరే చేత్తో నాటుతున్నట్టు.

అఫ్లటాక్సిన్ కాలేయ క్యాన్సర్ తెస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోతే దాని సంగతి బయటపడింది. డెస్ట్రక్సిన్ మీద మనం ఇంతసేపు చేసిన సున్నితమైన లెక్కలన్నీ దాని ముందు దిగదుడుపే. సంచి మీద "మెటారైజియం" అని చీటీ అంటిస్తే లోపల ఉన్నది మెటారైజియం అయిపోదు.

అంగడి ప్యాకెట్లు కూడా అన్నీ గొప్పవని కాదు. వాటి మీద చూడాల్సింది జాతి పేరు ఒక్కటే కాదు, స్ట్రెయిన్ నంబరు. ఒకే జాతిలో ఒక స్ట్రెయిన్ విషం చేస్తుంది, ఇంకోటి చెయ్యదు. మొక్కల వేళ్లకు పట్టే నులిపురుగుల మీద వాడే పర్ప్యురియోసిలియం లైలాసినమ్ బూజును చూడండి. దాన్లో కొన్ని స్ట్రెయిన్లు ల్యూసినోస్టాటిన్ అనే గట్టి విషం చేస్తాయి. ఆ జాతి మనుషుల కళ్లకు పట్టిన చరిత్ర కూడా ఉంది. అందుకే మందుగా ఆమోదం పొందిన 251 అనే స్ట్రెయిన్ ఆ విషం చెయ్యడం లేదని విడిగా పరీక్షించి చూశారు. ఆమోదం వచ్చేది ఆ ఒక్క స్ట్రెయిన్‌కే, జాతి మొత్తానికి కాదు.

#18 బూజుబాబాయ్

కోపం లేదమ్మా, కొంచెం రోషం వచ్చింది అంతే. ఆరేళ్లుగా పెంచుతున్నాను, వాసన చూసి చెప్పగలను ఏది మంచిదో.

#19 మోతాదు

వాసన చూడటమే చెయ్యకూడని పని, బాబాయ్.

#20 ఆకుముడత

😂 క్షమించండి, నవ్వాపుకోలేకపోయాను.

నాదొక సందేహం. ఈమధ్య బూజును తీసేసి, అది పెరిగిన నీళ్లను మాత్రమే వడగట్టి మందుగా కొట్టమంటున్నారు. స్పోర్లు ఉండవు కాబట్టి అలర్జీ ఉండదు, రెండు రోజుల్లో పని చేస్తుంది అంటున్నారు. ఇది మేలా?

#21 మోతాదు

దీనికి నేను వ్యతిరేకం. సూక్ష్మదర్శిని గారికి వేరే అభిప్రాయం ఉండొచ్చు.

ఇంతసేపూ నేను చెప్పిన ధైర్యమంతా ఒక్క విషయం మీద నిలబడింది: విషం పురుగు లోపల తయారవుతుంది, కొంచెమే తయారవుతుంది, అక్కడే పోతుంది. వడగట్టిన నీళ్లలో ఆ మూడూ తలకిందులవుతాయి. ద్రవ మాధ్యమంలో డెస్ట్రక్సిన్లు బాగా ఊరతాయి. ప్రయోగశాలలో వాటిని తీసేదే అలా. ఆ నీళ్లను ఆకు మీద కొడితే మీరు కొట్టేది సూక్ష్మజీవిని కాదు, శుద్ధి చెయ్యని రసాయనాల మిశ్రమాన్ని. దానిలో ఏది ఎంత ఉందో ఎవరూ కొలవరు. ఆకు మీద ఎన్నాళ్లు ఉంటుందో కొలవరు. అది రసాయన మందే, కాబట్టి రసాయన మందుకు చేసే పరీక్షలన్నీ దానికీ చెయ్యాలి.

#22 సూక్ష్మదర్శిని

ఇందులో మీతో సగం ఏకీభవిస్తాను. కొలవకుండా కొట్టకూడదు, ఒప్పుకుంటాను. కానీ బూజుల రసాయనాలంటే ఉలిక్కిపడనక్కర్లేదు. అవయవ మార్పిడి చేసినవాళ్లు వేసుకునే సైక్లోస్పొరిన్ టోలిపోక్లాడియం అనే బూజుది. నార్వే మట్టిలో దొరికింది. అమెరికాలో 1983లో మందుగా అనుమతి వచ్చింది. అది బీటిల్ పిల్లపురుగులకు పట్టే బూజు అని తర్వాతెప్పుడో తెలిసింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకు ఇచ్చే ఫింగోలిమాడ్‌కు మూలం కూడా ఒక పురుగు బూజు చేసిన మైరియోసిన్. పురుగు రక్షణ వ్యవస్థను నిద్రపుచ్చేది మన రక్షణ వ్యవస్థనూ నిద్రపుచ్చగలదు అన్నమాట.

#23 మోతాదు

మీరు నా వాదనకే బలం ఇస్తున్నారు మేడమ్. సైక్లోస్పొరిన్‌ను రక్తంలో కొలిచి మరీ ఇస్తారు, మూత్రపిండాలు దెబ్బతింటాయని.

#24 సూక్ష్మదర్శిని

అదీ నిజమేలెండి. :)

మీరు వదిలేసింది ఒకటి నేను చెప్తాను, నా వైపు వాదనకు అంత అనుకూలం కాకపోయినా. ఈ బూజులు ఆకు మీదే ఆగవు. బవేరియా, మెటారైజియం కొన్ని మొక్కల లోపల కూడా కాపురం పెడతాయి, మొక్కకు హాని చెయ్యకుండా. విత్తనానికి మెటారైజియం పట్టించిన అలసంద మొక్కల్లో డెస్ట్రక్సిన్లు దొరికాయని 2014లో అచ్చైంది. చాలా కొద్ది మోతాదు, లేత మొక్కల్లో. గింజలోకి వెళ్తాయా అన్నది వేరే ప్రశ్న. కానీ "విషం పురుగు లోపలే ఉండిపోతుంది" అన్న వాక్యం పక్కన చిన్న నక్షత్రం గుర్తు పెట్టుకోవాలి. విత్తన శుద్ధికి వాడే పద్ధతికీ, సాయంత్రం ఆకు మీద కొట్టే పద్ధతికీ ఒకే భరోసా పత్రం చెల్లదు.

#25 మోతాదు

ఒప్పుకున్నాను. నా #5లో ఆ నక్షత్రం లేదు, పెట్టినట్టే అనుకోండి.

నియమాలు కూడా అటే నడుస్తున్నాయి. యూరప్‌లో సూక్ష్మజీవి మందులకు అడిగే వివరాలను 2022లో మార్చారు. ఆ జీవి చేసే ప్రతి పదార్థాన్నీ విడిగా పట్టుకుని పరీక్షించమనడం మాని, "ఆందోళన కలిగించే" పదార్థం ఏదైనా ఉందా, ఉంటే అది మనిషి దాకా వచ్చే దారి ఉందా అని ముందు అడుగుతున్నారు. నాకు సబబుగా తోచింది. ఒక బూజు చేసే వందల పదార్థాలన్నింటినీ ఎలుకల మీద పరీక్షిస్తూ కూర్చుంటే ఏ మందూ బయటికి రాదు. అమెరికా పరీక్షల్లో జంతువుకు 10 కోట్ల స్పోర్లు నోట్లో పోసి, ఊపిరితిత్తుల్లోకి పంపి, అవి ఒంట్లో పెరుగుతున్నాయా, ఎన్నాళ్లకు పోతున్నాయి అని చూస్తారు. రసాయన మందుకు ఈ పరీక్ష ఉండదు, రసాయనం పెరగదు కదా.

#26 నిమ్మచెట్టు

నా ప్యాకెట్ వెతికి చూశాను. వెనక ధర చీటీ గీకితే కింద స్ట్రెయిన్ నంబరు కనబడింది! తయారీ తేదీ మాత్రం ఏడాదిన్నర కిందటిది, షెడ్డులో ఎండకు ఉంది. ఇది వాడొచ్చా? పాతబడితే విషం పెరుగుతుందా?

#27 సూక్ష్మదర్శిని

పొడి పొడిగానే ఉంటే విషం పెరగదు, స్పోర్లు చచ్చిపోతాయి. ఎండ తగిలిన షెడ్డులో ఏడాదిన్నర అంటే మిగిలింది టాల్కే అనుకోండి. గడ్డ కట్టినా, చెమ్మ తగిలినా, రంగు మారినా తెరవకుండా పారెయ్యండి, అందులో వేరేవాళ్లు చేరి ఉంటారు. కొత్తది చల్లగా, పొడిగా, ఎండ తగలనిచోట పెట్టండి.

#28 బూజుబాబాయ్

మూడు రోజులు కనబడలేదు కదా, రోషం తగ్గాక ఒక పని చేశాను. తెలిసినవాళ్ల అమ్మాయి కాలేజీలో మైక్రోస్కోపు ఉంటే, ఆరు సంచుల్లోంచి చిటికెడు చిటికెడు చిన్న సీసాల్లో మూసి పంపాను. అయిదింట్లో స్పోర్లు పొడుగ్గా, మాత్రల్లా, ఒకదానికొకటి గొలుసుకట్టుగా ఉన్నాయట. ఆరోదాంట్లో గుండ్రటి గింజలు, కాడ చివర బంతిలాంటి తల. ఫొటో పంపింది. ఆ ఆరోదే నేను పోయిన నెల అందరికంటే బాగా పట్టిందని మురిసిపోయి మిగతా సంచులకు విత్తనంగా పెట్టుకున్నది.

#29 సూక్ష్మదర్శిని

ఆ బంతి తల ఆస్పర్‌జిల్లస్‌దే. ఫ్లేవస్సో ఇంకోటో ఫొటోతో చెప్పలేం, అనుమానం మాత్రం దాని మీదే పెట్టుకోండి. దాన్నుంచి విత్తనం తీసిన సంచులన్నీ అదే లెక్క, పైకి బాగున్నా సరే. ఎవరెవరికి ఇచ్చారో వాళ్లకు ఇవాళే చెప్పండి.

#30 బూజుబాబాయ్

ఫోన్లు చేస్తున్నాను. ఒకాయన నిన్ననే కొట్టాడట. సంచులు ఏం చెయ్యమంటారు? పెద్ద కుక్కర్లో పెట్టి ఉడికించేస్తే చచ్చిపోతుందా? ఉడికాక ఆ గింజలు ఊరికే పోవడం ఎందుకు, కోళ్లకు వేస్తే?

#31 మోతాదు

వద్దు!! సంచి విప్పకుండానే కుక్కర్లో పెట్టి, నిండు ఒత్తిడి మీద గంటసేపు ఉంచండి. బూజు చస్తుంది. అఫ్లటాక్సిన్ మాత్రం చావదు, ఆ వేడికి అది పూర్తిగా పోదు. ఉడికిన గింజలోనూ విషం మిగిలే ఉంటుంది. కోళ్లకు కాదు, పశువులకు కాదు, కంపోస్టుకూ కాదు. లోతుగా గొయ్యి తవ్వి పూడ్చండి, మాస్కు పెట్టుకుని. నిన్న కొట్టినాయన పంటేంటో కనుక్కుని ఇక్కడ రాయండి, కోతకు ఎన్ని రోజులుందో కూడా.